ఫిల్లింగులు ఎందుకు ఆపానంటే

ఎంవీపీ కాలనీలో మా క్లినిక్‌కు ఏళ్లుగా వస్తున్న మీ అందరికీ నమస్కారం. పంటి రంగు ఫిల్లింగుల అపాయింట్‌మెంట్లన్నీ వాయిదా వేశాం. ఫోన్‌లో సరుకు రాలేదని మాత్రమే చెప్పాం. నిజానికి సరుకు వచ్చింది, నేనే వెనక్కి పంపాను.

ఫిల్లింగు పంటిని పట్టుకుని ఉండేది బాండింగ్ మందు వల్లే. మేం వాడే రకాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఈ మే ఎండల్లో ఆ పెట్టె పార్సిల్ గోడౌన్‌లో పడి ఉండి వచ్చింది. ఐస్ ప్యాక్ పూర్తిగా నీరైపోయింది, సీసాలు వేడిగా తగిలాయి. అడిగితే డీలర్, "ఎక్స్‌పైరీ ఇంకా ఉంది కదా డాక్టర్ గారూ, అందరూ వాడుకుంటున్నారు" అన్నారు. చల్లగా ఉంచితేనే ఆ తేదీకి విలువ. ఇన్నేళ్ల పరిచయం ఉన్న మనిషి నాతో అనాల్సిన మాట కాదది.

వెనక్కి పంపడం తేలిక కాలేదు. గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి సెలవు పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు. పైగా ఆ మందు వాడినా ఆ రోజు ఫిల్లింగు చక్కగానే కనిపిస్తుంది. నన్ను ఆపింది అదే. ఫిల్లింగుగా నింపే పదార్థాన్ని రెజిన్ అంటాం. లైట్ పెట్టి గట్టిపరిచేటప్పుడు అది 2, 3 శాతం దాకా కుంచించుకుపోతుంది. బాండింగ్ బలంగా లేకపోతే అంచున సందు పడుతుంది, అందులో సూక్ష్మజీవులు చేరి లోపల మళ్లీ పుచ్చుతుంది. ఈ ఫిల్లింగులు ఎక్కువగా పాడయ్యేది ఇలా, లేదా విరిగి. కొన్నేళ్ల తర్వాత పన్ను సలిపితే మీరు అడిగేది నన్నే, డీలర్‌ని కాదు.

జీవితాంతం ఉంటుందని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. చిన్న ఫిల్లింగు బాగా చేసి, మీరు శుభ్రంగా చూసుకుంటే పదేళ్లు దాటవచ్చు. దవడ పన్ను సగానికి పైగా పోతే క్యాప్ వేయించుకోమనే అంటాను.

"పక్కన వెంటనే చేస్తున్నారు" అని ఒకరు అన్నారు. బాధేసింది. నేను మాత్రం పంటికి ఉమ్మి తగలకుండా చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు షీటు కట్టి, ఫిల్లింగును 2 మిల్లీమీటర్ల పొరలుగానే వేస్తాను. గంట పడితే పడనివ్వండి.

కొత్త సరుకు వేరే డీలర్ నుంచి కోల్డ్ బాక్స్‌లో వస్తోంది. పన్ను తెరిచి ఉన్నవాళ్లు ఈలోగా వచ్చేయండి, తాత్కాలిక సిమెంట్ పెడతాం, దానికి డబ్బు తీసుకోం. ఫిల్లింగు రేటు కూడా పెంచడం లేదు.