డోల్మా లా దిగువన నన్ను దింపిన ఆ తల్లికి

కైలాస పరిక్రమ పూర్తయింది, ఖాట్మండు వచ్చేశాం. మోకాళ్లు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నాను. అయినా ఇది ఈ రాత్రే రాయాలి. క్షేమమేనా అని అడుగుతున్న అందరికీ, క్షేమమే. దానికి కారణం పేరైనా తెలియని ఒక టిబెట్ ఆవిడ.

రెండో రోజు నడక ఎలాంటిదో వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు. మొదటి రాత్రి బస చేసిన దిరాపుక్‌లో చీకటితోనే బయల్దేరి, 5,630 మీటర్ల ఎత్తున్న డోల్మా లా కనుమ ఎక్కి, అటు దిగి, మళ్లీ లోయ వెంబడి రెండో రాత్రి బస జుతుల్‌పుక్ దాకా, దాదాపు 22 కిలోమీటర్లు. ఆ ఎత్తులో మనకు అందే ప్రాణవాయువు కింద దొరికేదాంట్లో సగమే. ఎక్కడం ఎలాగో ఎక్కేశాను, పైన జెండాల దగ్గర శివయ్యకి దణ్ణం కూడా పెట్టుకున్నాను. దిగడమే నా వల్ల కాలేదు. గౌరీకుండం దాటాక అంతా బండరాళ్లు, వాటి మీద మంచు, గుర్రం మీద కూర్చుని దిగే దారి కాదది. తల తిరిగి ఒక రాయి మీద కూలబడిపోయాను.

ఆవిడ ఎదురొచ్చింది. మనమూ బౌద్ధులూ కొండని కుడివైపు ఉంచుకుని తిరుగుతాం, టిబెట్ పాత మతమైన బోన్ వాళ్లు ఎదురుగా తిరుగుతారు. అంటే ఆ నిట్టనిలువు దారి ఆవిడ అప్పటికే సగం ఎక్కేసింది. నన్ను చూసి ఆగి, ఫ్లాస్కు మూతలో ఉప్పటి వెన్న టీ పోసి తాగించింది. ముక్కు కారుతుంటే తన కొంగులాంటి చారల గుడ్డతో తుడిచింది, మా అమ్మ పోయాక నాకలా చేసినవాళ్లు లేరు. తర్వాత వెనక్కి తిరిగింది. తన ప్రదక్షిణ ఆపుకుని నాతో కిందికి నడిచింది! అడుగు వేయలేని చోటల్లా వంగి, నా బూటు రెండు చేతులతో పట్టుకుని ఏ రాయి మీద ఆనాలో అక్కడ ఆనించింది. కింద టీ గుడారంలో కూర్చోబెట్టాక నేను డబ్బులు తీస్తే, నా గుప్పిట మూసేసి, అదే కొండ మళ్లీ మొదటినుంచి ఎక్కడానికి వెళ్లిపోయింది. గైడ్ నేర్పిన 'తుజేచే' (టిబెట్ భాషలో ధన్యవాదం) కూడా నోట రాలేదు, ఏడుస్తూ ఉండిపోయాను.

మా ఆయనకి దిరాపుక్‌లోనే ఊపిరాడక వెనక్కి దింపేశారు, తమ్ముడు తనకే ఆయాసంగా ఉన్నా రెండు బ్యాగులూ మోశాడు. వాళ్ల గురించి వేరే చెప్పాలా.

కానీ ఒకటి అడగకుండా ఉండలేను. అంతేసి డబ్బు కట్టించుకున్న ట్రావెల్స్ వాళ్లు అంతమందికి ఒక్క గైడుని పంపితే, ఆయన ముందువాళ్లతో వెళ్లిపోతే, వెనకపడ్డవాళ్లకి దిక్కెవరు? ఆక్సిజన్ సిలిండర్ వ్యాన్‌లో ఉందట, వ్యాన్ ఏమో నడక మొదలయ్యే ఊరు దార్చెన్‌లో. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద ముద్ర పడిందా లేదా అని చూశారే గానీ మనిషిని చూసినవాళ్లు లేరు. పైగా గ్రూప్ వీసా, అందరూ కలిసే వెళ్లి కలిసే రావాలి, ఒంట్లో బాగాలేక ముందే తిరిగి వచ్చేద్దామంటే అదో పెద్ద తతంగం. పెద్దవాళ్లని పంపేవాళ్లు ఇవన్నీ ముందే అడిగి తేల్చుకోండి, దయచేసి.

అయ్యో, దిరాపుక్‌లో రాత్రంతా అందరి పల్స్ చూస్తూ తిరిగిన మరాఠీ నర్సమ్మకి కూడా దణ్ణాలు. వెల్లుల్లి సూప్ కాచి ఎదురుచూసిన షెర్పా పిల్లలకీ. గుర్రం అబ్బాయికీ. గ్లోవ్స్ ఇచ్చిన కరీంనగర్ అన్నయ్యా, అవి నా దగ్గరే ఉండిపోయాయి, అడ్రస్ మెసేజ్ చేయండి, పంపిస్తాను.