‘కుటుంబ కలహాలు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్‌లో మిషన్ కుట్టి బతుకుతున్నాను. జిల్లా పేజీలో ‘కుటుంబ కలహాలతో వివాహిత ఆత్మహత్య’ అనే వార్త చూసినప్పుడల్లా మీకు రాయాలనుకుంటాను. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

నిరుడు బతుకమ్మ పండగకు వారం ముందు ఒకామె జాకెట్ గుడ్డ తెచ్చింది. ఎప్పుడూ ఆది జాకెట్ ఇచ్చిపోయేది, ఆ రోజు తేలేదు. "కొలత తీస్కో అక్కా, చేతులు మోచేయి దాటాలె" అంది. భుజం మీద టేపు ఆనించగానే ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కొంగు తొలగితే దండచేయి మీద నాలుగు వేళ్లు అచ్చుగుద్దినట్టు కమిలి ఉన్నాయి. ఏమైందని అడిగితే "బాత్‌రూంల జారిపడ్డ" అంది. జారిపడితే వేళ్ల గుర్తులు పడవని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నేను మాత్రం ఏమీ అనకుండా పుస్తకంలో ‘చేతి పొడవు 12’ అని రాసుకున్నాను. పండగ రోజు ఆమె ఆ జాకెట్‌తోనే బతుకమ్మ ఆడింది. పొడుగు చేతులు కొత్త డిజైన్ అనుకొని నలుగురు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత వాళ్ల తల్లిగారు పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచాయితీ చేయించారు. ఇక చెయ్యి చేసుకోనని అతను కాగితం మీద సంతకం పెట్టాడు. "మొగుడన్నంక ఒక దెబ్బ కొట్టడా, సర్దుకపో బిడ్డా" అని ఆమెను అదే సాయంత్రం అదే ఇంటికి పంపారు.

2008లో మన ఊళ్లో ఇంజినీరింగ్ చదివే ఆడపిల్లల మీద యాసిడ్ పోసినప్పుడు జనం రోడ్డెక్కారు. నేనూ ర్యాలీలో నడిచాను. బయటివాడు చేస్తే అంత కోపం వచ్చే మనకు, పక్కింట్లో దెబ్బలు వినపడితే టీవీ సౌండ్ పెంచాలనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస చూసినవాళ్లే. చెప్పకుండా బయటికి పోయిందనో, ఎదురు మాట్లాడిందనో, వంట సరిగా చేయలేదనో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదని 84 శాతం మంది ఆడవాళ్లే చెప్పారు. ఈ రెండో లెక్క చదివి నాకు అన్నం సహించలేదు. దేశం మొత్తం మీద, దెబ్బలు తిన్నవాళ్లలో సాయం అడిగింది 14 శాతమేనట.

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. 2005 గృహహింస చట్టం కింద బాధితురాలే ఫిర్యాదు చేయాలని లేదు. పక్కింటివాళ్లు, బంధువులు, నాలాంటి టైలర్, ఎవరైనా ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. ఇల్లు భర్త పేరున ఉన్నా, అత్తమామల పేరున ఉన్నా ఆమెకు అందులో ఉండే హక్కుంది. కట్టుబట్టలతో గెంటేస్తే కోర్టు మళ్లీ ఆ ఇంట్లోకి పంపించొచ్చు. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. హింస పడుతున్న ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి సెంటర్‌లో లాయర్ సలహా, వైద్యం, తలదాచుకోవడానికి కొద్ది రోజులు చోటు దొరుకుతాయి. ఆ పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు.

మీకు నా విన్నపం. కలహం అంటే ఇద్దరు పోట్లాడుకోవడం. ఒకరు కొడుతుంటే ఒకరు పడుతున్నదాన్ని కలహం అనకండి. ఫిర్యాదులో ‘భర్త కొట్టేవాడు’ అని ఉంటే అలాగే రాయండి. ‘మనస్తాపం చెంది’ అని దాటేయకండి. అలాంటి వార్త వేసిన ప్రతిసారీ కింద 181 నంబరు కూడా వేయండి. రెండు లైన్ల జాగా చాలు.

నా షాపులో అద్దం పక్కన ఆ నంబరు రాసి అతికించాను. ఇద్దరు ముగ్గురు అదేం నంబరని అడిగారు. మొన్న ఒకామె ఏమీ అడగకుండా ఫోన్‌లో ఫొటో తీసుకుంది. ఈసారి నేను కుర్చీ జరిపి "కూసో చెల్లే, తొందరేం లేదు" అన్నాను. చాలాసేపు కూర్చుంది.

నా పేరు, వాడ పేరు వేయకండి. అవి చూస్తే ఆమె ఎవరో మావాళ్లు పోల్చుకుంటారు.

ఇట్లు,
ఒక టైలర్, వరంగల్