మిద్దె గదికి ఏసీ వద్దు నాయనా

స్టుట్‌గార్ట్,
ఏప్రిల్ మొదటి వారం

నాయనకు నమస్కారం.

మే చివర్లో ఇక్కడ బడికి రెండు వారాలు సెలవు. మేము వస్తున్నామని మిద్దె మీద గదికి ఏసీ బేరమాడుతున్నావని అమ్మ చెప్పింది. ఫోనులో ఈ మాట ఎత్తితే "ఖర్చు నాది, నీకెందుకమ్మా" అని దాటవేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఏసీ కొనవద్దు. ఆ గది అంతగా ఎందుకు కాలుతుందో ముందు చూద్దాం.

పగలంతా ఎండ తాగిన కప్పు రాత్రి పదకొండు దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. పడమటి గోడకు నీడ లేదు. ఒకప్పుడు ఉండేది. కారు షెడ్డు కోసం ఆ వేపచెట్టు కొట్టించిన రోజు జేజి అన్నం ముట్టలేదు, గుర్తుందా? నిన్ను నొప్పించాలని కాదు నాయనా, ఆ గదికి జబ్బు ఎక్కడ మొదలైందో చెబుతున్నాను. ఏసీ పెడితే వేడి ఎక్కడికీ పోదు. మన గదిలోంచి సందులోకి, అక్కడి నుంచి పక్కింటి వాళ్ల కిటికీలోకి పోతుంది. వాళ్లకు ఉన్నది ఒక్క ఫ్యాను.

ఎండలు ముదరకముందే మిద్దె శుభ్రంగా కడిగించి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించు. తెల్లటి కప్పు ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయించాలి, అంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మన కడప ఎండకు అది ఇంకా ఎక్కువ అవసరం.

తర్వాత పడమటి కిటికీ. ఇక్కడ చాలా ఇళ్లలో ఏసీ ఉండదు. వేసవిలో 35 డిగ్రీలు దాటిన రోజున కూడా పొద్దున్నే కిటికీల బయటి షట్టర్లు దించేస్తారు, రాత్రి చల్లబడ్డాక అన్నీ తెరుస్తారు. వచ్చిన కొత్తలో నేను లోపల మందపాటి కర్టెన్లు వేసి, అయినా ఎందుకు ఉడుకుతోందా అనుకునేదాన్ని. కింది ఇంటి పెద్దావిడ చెప్పింది: ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ ఏం చేస్తుంది, బయటే ఆపాలి అని. కాబట్టి కిటికీకి బయటి వైపు వెదురు తడిక కట్టిద్దాం.

ఫ్యాన్ల సంగతి. మన ఇంట్లోవి పాతవి, ఒక్కొక్కటి 75 వాట్ల దాకా తింటుంది. ఇప్పుడు తక్కువ కరెంటుతో తిరిగే మోటారుతో వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు అదే గాలిని సుమారు 30 వాట్లకే ఇస్తాయి. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 60కి పైగా యూనిట్లు మిగులుతాయి. హాల్లో లైటు ఆర్పలేదని మమ్మల్ని ఎన్ని మాటలు అన్నావో! ఇప్పుడు ఆ ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. అసలు యూనిట్లు ఫ్యాన్లకూ, ట్యాంకు నిండి పొర్లుతున్నా ఆగని మోటారుకూ పోతున్నాయి. ఆ మోటారుకు నిండగానే ఆగిపోయే స్విచ్చు పెట్టించు. కరెంటుతో పాటు బోరు నీళ్లు కూడా మిగులుతాయి. మన బోరు ఎంత లోతుకు పోయిందో నాకంటే నీకే తెలుసు.

అమ్మ గదిలోని ఏసీ మాత్రం ఆపవద్దు. ఆమెకు ఎండ పడదు. 25 మీద పెట్టి, పైన ఫ్యాను తిప్పండి చాలు. ఒక్క డిగ్రీ పెంచినా సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుంది.

చిన్నప్పుడు తాడిపత్రికి పోయేటప్పుడు ముద్దనూరు దగ్గర రైలు కిటికీలోంచి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చూపించి, "మన ఇంట్లో దీపం వెలిగేది అక్కడ కాలే బొగ్గుతోనే" అన్నావు. ఒక్క యూనిట్‌కు అర కిలోకు పైనే బొగ్గు కాలుతుందని పెద్దయ్యాక చదివాను. అప్పటి నుంచి బిల్లు చూసినప్పుడల్లా నాకు రూపాయల కంటే ముందు ఆ గొట్టాలే కనిపిస్తాయి.

ఏసీకి దాచిన డబ్బు ఉంది కదా, దానికి నేను కొంత చేరుస్తాను. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. పలకలు సరిగ్గా ఆ గది మీద పెట్టిస్తే కప్పుకు నీడ కూడా దొరుకుతుంది. దీని గురించి వచ్చాక తీరికగా మాట్లాడదాం.

నీ మనవరాలికి మిద్దె మీద పడుకోవడం అంటే ఏమిటో తెలియదు. నులక మంచాలు అటక మీద నుంచి దించి నులక బిగించి ఉంచు. ఆ కిటికీ ఎత్తు, వెడల్పు కొలిచి అమ్మతో పంపించు.

నీ కూతురు