వార్షిక కార్యకలాపాల నివేదిక: శరణార్థి కుటుంబాల విద్యార్థులకు బడిలో అండ

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గడిచిన సంవత్సరంలో మన సంఘం శ్రమలో అధికభాగాన్ని ఒకే అంశానికి వెచ్చించాము. యుద్ధం వల్లనో వేధింపుల వల్లనో ఇల్లూ ఊరూ విడిచి వచ్చిన కుటుంబాల పిల్లలు బడిలో నిలదొక్కుకోవడానికి చేపట్టిన పనులను, వాటి వెనుక ఉన్న ఆలోచనను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాము.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కల ప్రకారం 2023 చివరినాటికి ప్రపంచంలో బలవంతంగా నిర్వాసితులైనవారు 11 కోట్ల 73 లక్షల మంది కాగా, వారిలో సుమారు 40 శాతం 18 ఏళ్లలోపు పిల్లలు. ప్రాథమిక విద్య విషయంలో శరణార్థులను తమ పౌరులతో సమానంగా చూడాలని 1951 నాటి శరణార్థుల ఒప్పందంలోని 22వ అధికరణం దేశాలను కోరుతుంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలోని 39వ అధికరణం, హింసకూ సాయుధ సంఘర్షణలకూ గురైన పిల్లలు శారీరకంగా, మానసికంగా కోలుకొని సమాజంలో తిరిగి కలిసేందుకు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని, ఆ కోలుకోవడం వారి ఆరోగ్యానికీ ఆత్మగౌరవానికీ దోహదపడే వాతావరణంలో జరగాలని చెబుతుంది. బడిలో చేర్చుకోవడంతో 22వ అధికరణం చెప్పిన పని మొదలవుతుంది గాని, 39వ అధికరణం చెప్పిన వాతావరణం రావాలంటే బడి రోజువారీ నడవడి మారాలి. మేము పాఠశాలలతో కలిసి చేసిన పనంతా ఆ దిశగా సాగింది.

ఉపాధ్యాయుల శిక్షణ శిబిరాలను తరగతి గదిలో కనిపించే ప్రవర్తనతోనే ప్రారంభించాము. దీర్ఘకాలం ప్రమాదం నీడలో బతికిన బిడ్డకు ముప్పును పసిగట్టడం అలవాటై ఉంటుంది. తలుపు దబాలున పడినా, ఎవరైనా వెనుక నుంచి భుజం మీద చెయ్యి వేసినా శరీరం ముందు స్పందిస్తుంది, ఆలోచన ఆ తరువాత వస్తుంది. అప్పుడు కొందరు ఎదురు తిరుగుతారు, కొందరు గది వదిలి వెళ్లిపోతారు, ఇంకొందరు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుండిపోతారు. ఇలా మౌనంగా ఉండేవారిని బుద్ధిమంతుల కింద జమకట్టడం వల్ల వారికి సాయం అందరికంటే ఆలస్యంగా అందుతుంది కాబట్టి, శిక్షణలో వారి గురించే ఎక్కువసేపు మాట్లాడుకున్నాము. రాత్రి పీడకలలతో నిద్ర లేని బిడ్డ పగలు పాఠం మీద మనసు పెట్టలేకపోవడాన్ని సోమరితనంగానో, తెలివి తక్కువతనంగానో పొరబడరాదని కూడా చెప్పాము. అదే సమయంలో, శరణార్థి కుటుంబం నుంచి వచ్చిన ప్రతి బిడ్డనూ మానసిక గాయం ఉన్న బిడ్డగా ముద్ర వేయడం తగదు. చాలామంది పిల్లలు భద్రత, స్నేహాలు, ఒక క్రమం దొరికితే ప్రత్యేక చికిత్స అవసరం లేకుండానే కుదురుకుంటారు. అలాగే బాధకు మూలం ఎప్పుడూ గతంలోనే ఉండదు. తేలని ఆశ్రయ దరఖాస్తు, ఇరుకు ఇల్లు, తల్లిదండ్రుల నిరుద్యోగం, ఎక్కడో చిక్కుకుపోయిన తోబుట్టువు గురించిన బెంగ ఈ రోజుకీ కొనసాగుతూ ఉండవచ్చు.

అమెరికా ప్రభుత్వంలో మానసిక ఆరోగ్య సేవలను చూసే విభాగం 2014లో ప్రచురించిన మార్గదర్శకాలు ఈ రంగంలో చాలాచోట్ల ఆధారంగా నిలిచాయి. మానసిక గాయం ప్రభావం ఎంత విస్తృతమో గ్రహించడం, దాని లక్షణాలను గుర్తించడం, సంస్థ విధానాలను అందుకు తగ్గట్టు మలచడం, గాయం మళ్లీ రేగకుండా చూడటం అనే నాలుగు బాధ్యతలు వాటిలో ఉన్నాయి. బడికి సంబంధించినంతవరకు చివరిదే అన్నిటికంటే విలువైనదని, అది ఖర్చు లేకుండా రేపటి నుంచే మొదలుపెట్టగలిగినదని మా అభిప్రాయం. రోజు కార్యక్రమాన్ని బొమ్మలతో గోడ మీద పెట్టడం, టీచరు మారినా గది మారినా ముందు రోజే చెప్పడం, ఫైర్ డ్రిల్ సైరన్ ఎప్పుడు మోగుతుందో, ఎందుకు మోగుతుందో పిల్లలకు వారి భాషలో తెలియజేయడం, తలుపు కనిపించే చోట కూర్చునే అవకాశం ఇవ్వడం, ఊపిరాడనట్టు అనిపించినప్పుడు కారణం చెప్పనవసరం లేకుండా ఒక నిర్ణీత స్థలానికి వెళ్లివచ్చే అనుమతి ఇవ్వడం వంటి మార్పులను పాఠశాలలకు సూచించాము. వంశవృక్షం గీయమనడం, చిన్ననాటి ఫోటోలు తెమ్మనడం, సెలవుల్లో ఎక్కడికి వెళ్లారో రాయమనడం వంటి అభ్యాసాలకు అదే నైపుణ్యాన్ని నేర్పే ప్రత్యామ్నాయాన్ని తరగతి అందరికీ ఇవ్వాలని కోరాము. ఒక్క బిడ్డకే వేరే పని ఇస్తే నలుగురిలో వేరుచేసి చూపినట్టే అవుతుంది.

తల్లిదండ్రుల సమావేశాలకు దుబాసీలను ఏర్పాటు చేయడం మన సంఘం నేరుగా చేసిన పనుల్లో పెద్దది. కొత్త భాష పిల్లలకు ముందుగా పట్టుబడుతుంది కాబట్టి బడి వారినే మధ్యవర్తులుగా వాడుకోవడం కద్దు. తన గురించిన ఫిర్యాదునో, తల్లి అనారోగ్యాన్నో బిడ్డ నోటితోనే చెప్పించడం ఆ బిడ్డ మీద మోయలేని బరువు పెట్టడమే. దుబాసీ ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. ఒకే భాష మాట్లాడినంత మాత్రాన నమ్మకం కుదరదు; సంఘర్షణలో ఎదుటి పక్షానికి చెందిన వ్యక్తి కావచ్చు, లేదా చిన్న సమాజంలో ఇంటి విషయం బయటికి పొక్కుతుందన్న భయం ఉండవచ్చు. అందుకే ఎవరు కావాలో, స్త్రీ అయితే నయమో, ఫోన్‌లో మాట్లాడితే చాలో కుటుంబాన్నే ముందుగా అడిగే పద్ధతి పెట్టుకున్నాము.

భాష విషయంలో మరొక మాట. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ పరిశోధన ప్రకారం రోజువారీ సంభాషణ సుమారు 2 ఏళ్లలో వచ్చినా, పాఠ్యాంశాలకు కావలసిన భాషలో తోటివారిని అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. ఆటస్థలంలో గలగలా మాట్లాడే బిడ్డ పరీక్షలో వెనుకబడితే వైకల్యాన్ని అనుమానించే ముందు ఈ తేడాను గుర్తుంచుకోవాలని, ఇంటి భాషను మానుకొమ్మని చెప్పవద్దని ఉపాధ్యాయులను కోరాము.

చికిత్స అవసరమైన పిల్లలను కౌన్సెలర్ల వద్దకు పంపే మార్గాన్ని పాఠశాలలతో కలిసి రాతపూర్వకంగా ఖరారు చేశాము. లాస్ ఏంజెలిస్ పాఠశాలల్లో రూపుదిద్దుకున్న ఒక ప్రవర్తనా చికిత్సా కార్యక్రమంలో 10 బృంద సమావేశాలు, వాటితోపాటు కొన్ని వ్యక్తిగత సమావేశాలు ఉంటాయి; అలాంటివాటిని శిక్షణ పొందిన మానసిక ఆరోగ్య నిపుణులే నడపాలి. మన కార్యకర్తలు చదువులో తోడుంటారు, కుటుంబాలకు దారి చూపుతారు, చికిత్స జోలికి పోరు.

సభ్యుల మధ్య ఎక్కువ చర్చ జరిగిన తీర్మానం మన వేదికలకు సంబంధించినది. సంఘం సభల్లోనూ, నిధుల సేకరణ కార్యక్రమాల్లోనూ పిల్లలచేత వారి ప్రయాణం గురించి చెప్పించరాదని, వారి ఫోటోలు వాడరాదని కార్యవర్గం తీర్మానించింది. అటువంటి కథనాలు ప్రజల మనసు మారుస్తాయని, విరాళాలు తెస్తాయని వాదించిన సభ్యుల మాటలో నిజముంది. అయితే సాయం పొందుతున్న బిడ్డ, సాయం చేస్తున్నవారు అడిగినప్పుడు కాదనగలదా అన్నది మాకు తేలని ప్రశ్నగా అనిపించలేదు; ఆ బిడ్డ కాదనజాలదు. చెప్పే క్షణంలో ధైర్యంగా కనిపించినా ఆ రాత్రి ఇంట్లో ఏమవుతుందో సభకు తెలియదు, వెనుక ఉండిపోయిన బంధువులకు ఒక ఫోటో వల్ల కూడా ముప్పు రావచ్చు. తన కథ ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది ఆ బిడ్డ నిర్ణయం. చెప్పదలచుకున్న రోజున వినడానికి నమ్మకమైన పెద్దమనిషి ఒకరు ఉండేలా చూడటం మన వంతు.

ఇలాంటి అనుభవాలను నిత్యం వినే ఉపాధ్యాయులకూ ఆ భారం అంటుకుంటుంది. వారి కోసం నెలవారీ కూడిక ప్రారంభమైంది, కొనసాగుతుంది. ఖర్చులో ప్రధానభాగం దుబాసీల పారితోషికానికి, తరువాత శిక్షణకు వెళ్లింది. పద్దుల పట్టికను కోశాధికారి సభలో విడిగా సమర్పిస్తారు.

రానున్న సంవత్సరంలో పదహారేళ్లు దాటాక వచ్చే విద్యార్థులపై దృష్టి పెట్టాలని ప్రతిపాదిస్తున్నాము. చదువు మధ్యలో ఏళ్ల తరబడి తెగిపోయి, బడి వయసు ముగిసేలోగా ఆ లోటు పూడ్చుకోలేక వీరు చదువుకు దూరమవుతున్నారు. వీరికి సాయంత్రపు చదువు తోడు ఇవ్వగలిగిన సభ్యులు కనీసం ఒక పూర్తి విద్యాసంవత్సరం కొనసాగగలిగితేనే పేరు నమోదు చేసుకోవాలని మనవి. మధ్యలో విడిచిపోయే పెద్దలను ఈ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. వేదికల తీర్మానాన్ని, పై ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ఆమోదించవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి