పాడైంది పంపు కాదు, వెంట్ లైన్

విషయం: పంపు మార్చినా ఖాళీ కాని హోల్డింగ్ ట్యాంక్ (పడవ టాయిలెట్ మురుగు నిలవుండే ట్యాంక్), వెంట్ లైన్ (ఆ ట్యాంక్‌లోకి గాలి వచ్చిపోయే గొట్టం) బిగింపులో లోపం గురించి ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీ సంస్థ అమ్మి, మీ టెక్నీషియన్లే మా పడవలో బిగించిన హోల్డింగ్ ట్యాంక్, పంప్-అవుట్ సిస్టమ్ గురించి రాస్తున్నాను. ఇదివరకు ఎప్పుడు ఫిర్యాదు చేసినా మీ దగ్గర నుంచి ఒకటే జవాబు: టాయిలెట్‌లో వేయకూడనివి వేసి ఉంటారు, వాడకంలో లోపం, వారంటీ వర్తించదు. గట్టిగా అడిగితే మాసిరేటర్ పంపు (మురుగును నలిపి ట్యాంక్ నుంచి బయటికి తోసే పడవలోని పంపు) మార్చి పంపించారు. మార్చిన పంపు కూడా పోయింది. ఇంకోటి ఇవ్వమని అడగడానికి కాదు ఈ లేఖ. అసలు పంపు జోలికే వెళ్లొద్దని చెప్పడానికి.

జరుగుతున్నది ఇదీ. జెట్టీ దగ్గర, ట్యాంకుల్లోని మురుగును పీల్చి తీసుకునే పంప్-అవుట్ స్టేషన్ హోస్‌ను డెక్ ఫిట్టింగ్‌కు బిగించి ఆన్ చేయగానే మురుగు జోరుగా వస్తుంది. కాసేపటికి సన్నబడి ఆగిపోతుంది. హోస్ తీసి కొంతసేపు ఊరుకుని మళ్లీ పెడితే మళ్లీ మొదట జోరు, తర్వాత అదే కథ. ఆగిపోయినప్పుడు స్టేషన్ గేజ్‌లో వాక్యూమ్ బాగా పెరిగి, అక్కడే నిలబడిపోతుంది. హోస్‌కు ఉన్న పారదర్శకమైన గొట్టంలో బుడగలు కనబడవు.

ఈ పని తెలిసినవారికి ఇంతవరకు చదివితేనే సగం విషయం అర్థమైపోవాలి. ఎక్కడో గాలి లీకై ఉంటే గేజ్ పైకి లేవదు, బుడగలు వస్తూనే ఉంటాయి. అంటే డెక్ మూత ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు), హోస్ క్లిప్పులు, వై-వాల్వ్ (మురుగును ట్యాంక్‌కో, బయటి నీళ్లలోకో మళ్లించే వాల్వ్) జాయింట్లు, పికప్ ట్యూబ్ (ట్యాంక్ అడుగు నుంచి మురుగును పైకి తెచ్చే గొట్టం) పగులు, వీటిలో ఏదీ కారణం కాదు. మీ టెక్నీషియన్ మాత్రం గేజ్ వైపు చూడకుండానే ఓ-రింగ్ మార్చి, క్లిప్పులన్నీ బిగించి, బిల్లు చేతిలో పెట్టి వెళ్లారు.

ఇక మిగిలినవి రెండే. ట్యాంక్ లోపల పికప్ ట్యూబ్ మూసుకుపోయి ఉండాలి, లేదా మురుగు బయటికి పోతున్నంత వేగంగా ట్యాంక్‌లోకి గాలి రాకుండా ఉండాలి. ఏది నిజమో తేల్చడానికి స్టేషన్ పంపు నడుస్తుండగా ట్యాంక్ పైనున్న తనిఖీ మూతను కొద్దిగా వదులు చేశాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఆ వెంటనే ఆగిన మురుగు కదిలి, ట్యాంక్ అడుగంటేదాకా ఏకధాటిగా వచ్చింది. పికప్ ట్యూబ్‌లో అడ్డం ఉంటే మూత మొత్తం ఊడదీసినా చుక్క కదలదు కదా! తర్వాత నీళ్లు పోసి కడిగి టార్చ్ వేసి చూస్తే ట్యాంక్‌లో వైప్స్ లేవు, గుడ్డముక్కలు లేవు. మీ టెక్నీషియన్ కూడా చూసి, తన జాబ్ షీట్‌లో అదే రాశారు. ఆ షీట్ మీ ఆఫీసులో ఉండగానే "వాడకంలో లోపం" అన్న మెయిల్ నాకు ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

మూత వదులు చేసేముందు క్యాబిన్ హాచ్‌లన్నీ తెరిచి, ఫ్యాన్ పెట్టి, ఎవరినీ లోపల ఉండనివ్వలేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే మీ మనిషి ఆ జాగ్రత్త తీసుకోలేదు. అంతకుముందు వచ్చినప్పుడు మూసిన క్యాబిన్‌లోనే ట్యాంక్ మూత తీశారు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైనది, పడవ అడుగున చేరుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. "వాసన తగ్గిపోయింది సార్" అని ఆయన అన్నప్పుడు నాకు టెన్షన్ మొదలైంది. మీవాళ్లకు ఈ విషయంలో శిక్షణ ఇచ్చారో లేదో చూసుకోండి.

అసలు దోషి వెంట్ లైన్‌లో వాసన రాకుండా మీరు పెట్టిన కార్బన్ ఫిల్టర్. విప్పి చూస్తే, పొడిగా గలగలలాడాల్సిన బొగ్గు గుళికలు తడిసి నల్లటి ముద్దగా గడ్డకట్టాయి, మధ్యలో నానిపోయిన టిష్యూ పీచు. ఒకవైపు చేతిపంపుతో గాలి కొడుతూ రెండోవైపు సన్నటి కాగితం ముక్క పట్టుకుంటే అది కదల్లేదు. ఎందుకు తడిసిందో కూడా అక్కడే కనబడింది. ఫిల్టర్‌ను ట్యాంక్ పైభాగం కన్నా కిందికి, చేతికి అందే చోట క్యాబిన్ గోడకు బిగించారు. 16 మి.మీ. వెంట్ హోస్ ట్యాంక్ నుంచి కిందికి దిగి, వేలాడి, మళ్లీ పైకి పోతోంది. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా కొంచెం మురుగు ఆ వంపులోకి వచ్చి నిలుస్తుంది, వెనక్కి పోయే దారి లేదు. మీరు ఇచ్చిన ఇన్‌స్టాలేషన్ పుస్తకంలోని బొమ్మలోనే ఫిల్టర్ ట్యాంక్‌కు పైన ఉంది, హోస్ ఎక్కడా దిగకుండా పైకే పోతోంది. మీ బొమ్మను మీరే పాటించలేదు.

దీనివల్ల జరిగిన నష్టం కూడా చూడండి. వెంట్ మూసుకుపోయిన ట్యాంక్‌ను స్టేషన్ పంపు లాగుతుంటే, ఖాళీ వాటర్ బాటిల్‌ను నోటితో పీల్చినప్పుడు నొక్కుకుపోయినట్టు గోడలు లోపలికి పోతాయి. పావు చదరపు మీటరు గోడ మీద 0.2 బార్ తేడా అంటే సుమారు 500 కిలోల బరువు మోపినట్టే. మా ట్యాంక్ ముందు గోడ ఇప్పటికే లోపలికి వంగి ఉంది, పంపు ఆపినా పూర్తిగా వెనక్కి రావడం లేదు. వెల్డ్ అతుకు దగ్గర తెల్లగా గీత పడింది. అది పగిలిన రోజున పడవ అడుగున పారేది మీ మెయిళ్లు కాదు.

మాసిరేటర్ పంపు కాలిపోవడానికీ ఇదే కారణం. ట్యాంక్‌లో వాక్యూమ్ పేరుకుంటే పంపుకు మురుగు అందదు, దానిలో తిరిగే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) పొడిగా తిరిగి వేడెక్కి చిరిగిపోతుంది. వైరింగ్‌లో వోల్టేజ్ పడిపోతోందని మీరు అన్నారు. పంపు నడుస్తుండగా టెర్మినల్స్ దగ్గరే కొలిస్తే 12.4 వోల్టులు ఉంది. టాయిలెట్ పంపు కొట్టినప్పుడు ఎదురు తన్నడం, దుర్వాసన కూడా అక్కడినుంచి వచ్చినవే. గాలి బయటికి పోలేక ట్యాంక్‌లో ఒత్తిడి పెరుగుతుంది. గాలి ఆడని మురుగులో వాసన పుట్టించే బ్యాక్టీరియా బలుస్తుంది. దీన్ని మీరు వేరే ఫిర్యాదుగా నమోదు చేసి, వాసన పోయే మందు సీసాలు అమ్మారు. ఆ బిల్లులూ జతచేశాను.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది మీ ఫోన్ సపోర్ట్‌లో ఇచ్చిన సలహా: "అర్జెంట్ అయితే వై-వాల్వ్ తిప్పి బయటికి వదిలేయండి సార్." జెట్టీకి కట్టి ఉన్న పడవలోంచా? ఓడల వల్ల సముద్రం పాడవకుండా చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ 4వ అనుబంధం పెద్ద ఓడలకే, ఏ శుద్ధీ చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల వదలకూడదంటుంది. హోల్డింగ్ ట్యాంక్ అమ్మే సంస్థ నోట రావాల్సిన మాటేనా అది?

నేను అడుగుతున్నది ఇదీ. ఫిల్టర్‌ను ట్యాంక్ పైకి మార్చి, వెంట్ హోస్‌ను ఎక్కడా వంపు లేకుండా 25 మి.మీ. సైజుతో మీ ఖర్చు మీద కొత్తగా వేయాలి. సైజు అంత పెరిగితే గాలి వెళ్లే దారి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. వంగిన ట్యాంక్‌ను మార్చాలి. దానికి అతుకులు వేస్తే ఒప్పుకోను. మాసిరేటర్ పంపుకు, అనవసరంగా మార్చిన ఓ-రింగ్‌కు, మందు సీసాలకు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. నా మీద వేసిన "వాడకంలో లోపం" అన్న మాటను మీ రికార్డులోంచి తీసేసి, రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు ఇవ్వండి. కాల్ సెంటర్ నుంచి కాకుండా, డ్రాయింగ్ చదవగలిగిన ఇంజినీరు నుంచి రావాలి. అప్పటివరకు పడవను పక్కన పెట్టి ఉంచుతున్నాను. గడువు దాటితే చట్టప్రకారం చేయాల్సింది చేస్తాను.

జతచేసినవి: ఫిల్టర్, హోస్ వంపు, ట్యాంక్ గోడ ఫోటోలు, జాబ్ షీట్ కాపీ, బిల్లులు.

ఇట్లు,
మీ కస్టమర్