హెచ్చరిక అందితే సరిపోదు, అర్థం కావాలి

సంపాదకులకు,

తుపాను, వరద, పిడుగుల హెచ్చరికలు క్షణాల్లో ఫోన్లకు చేరుతున్నా, వాటి భాష అంతుపట్టక చాలామంది పట్టించుకోవడం లేదు. ‘100 మిల్లీమీటర్ల వాన’ అంటే హెక్టారు నేల మీద 10 లక్షల లీటర్ల నీరు పడటమని చెబితే, అదంతా ఎటు పోతుందన్న ప్రశ్న ఎవరికైనా వెంటనే తడుతుంది. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అన్న మాట మరీ తప్పుదారి పట్టిస్తోంది; అది నిజానికి ఏటా ఒక శాతం అవకాశమున్న వరద కాబట్టి, 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం ఉంటుంది, వరసగా రెండేళ్లు రావడమూ అసాధ్యం కాదు. తుపాను కన్ను (దాని నడిమధ్య ఉండే ప్రశాంతమైన భాగం) పైనుంచి దాటేటప్పుడు గాలి ఆగిపోతే గండం గడిచిందనుకొని బయటికి వచ్చినవారిని, కాసేపటికే ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడే గాలి దెబ్బతీస్తుంది.

2027 నాటికి ప్రపంచంలో అందరికీ ముందస్తు హెచ్చరికలు అందాలని ఐక్యరాజ్య సమితి 2022లో లక్ష్యం పెట్టుకొంది. మంచిదే. అయితే బడి ఆవరణలో వర్షమాపకం పెట్టి పిల్లల చేత రోజూ కొలత రాయించడం, పాత వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గోడల మీద గీత గీసి ఉంచడం వంటి చిన్న పనులు లేకుండా ఆ సందేశాలు తలకెక్కవు. పత్రికలు కూడా (మీది సహా) వాతావరణ వార్తలో అంకె పక్కనే దాని అర్థాన్ని ఒక్క వాక్యంలో ముద్రించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు