కాలిన కొండ, పిలకల అడవి: సమితి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వేసవిలో శ్రీకాకుళం జిల్లా మందస కొండవాలున కాలిన మన సమితి అడవిలో ఈ ఏడాది ఒక్క నర్సరీ మొక్కా నాటలేదు. ఎందుకని గ్రామసభలో చాలామంది అడిగారు. నేలకింద వేళ్లు బతికే ఉన్నాయి. తునికి, నల్లమద్ది, చిరుమాను, గుగ్గిలం మళ్లీ పిలక వేస్తాయి. ఏళ్లనాటి వేరు నుంచి లేచే పిలకతో సంచి మొక్క పోటీపడలేదు. పైగా గుంతలు తవ్వితే ఆ వేళ్లే తెగుతాయి.

ముందు బెరడు చూశాం. మాను మొదలు దగ్గర కత్తి మొనతో గీకితే లోపల పచ్చగా, తడిగా ఉన్న చెట్టును ముట్టుకోలేదు. నాలుగు వైపులా గీకాలి. వాలులో రాలిన ఆకు మాను ఎగువ పక్కన పోగుపడి అక్కడే ఎక్కువ కాలుతుంది. ఆ పక్క ఒక్కటే చూసి చచ్చిందనుకుంటే బతికిన చెట్టు పోతుంది. పూర్తిగా ఎండిన సన్న మానులను నేలకు జానెడు లోపే, ఏటవాలుగా నరికించాం. మొద్దు కత్తయితే మోడు చీలి నీరు దిగుతుంది, కుళ్లుతుంది. ఎత్తున నరికితే పిలక పైన పుట్టి, బరువెక్కాక గాలికి ఊడుతుంది. ఎండిన పెద్ద మానులు అలాగే ఉన్నాయి. పిట్టలు వాలి గింజలు వేస్తాయి.

నరికిన కొమ్మలను వాలుకు అడ్డంగా, నేలకు ఆనేలా పరిచాం. వాలు వెంట నిలువునా వేస్తే వాన నీరు ఆ దారినే దిగి గండి కొడుతుంది.

ఖాళీ జాగాల్లో గుగ్గిలం గింజ చల్లాం. తొలకరికి రాలిన గింజకు మొలకశక్తి వారమే, బస్తాలో దాచితే దండగ.

అసలు తగవు మేకలతోనే. పిలకను మళ్లీ మళ్లీ కొరికితే వేరులోని నిల్వ అయిపోయి మోడు చస్తుంది. అందుకే కాలిన మేరకు మూడేళ్లు మేత బంద్. గడ్డి కోసుకెళ్లొచ్చు. కోస్తేనే మేలు, వేసవిలో మంటకు దొరికేది తగ్గుతుంది.

ఇప్పపూలు ఏరడానికి, జీడి తోటల్లో పిక్కలు ఏరడానికి ఆకు తగలబెట్టడం మార్చి నుంచి మొదలవుతుంది. ఫిబ్రవరిలోగా తోటల సరిహద్దున మూడు మీటర్ల వెడల్పున ఆకు ఊడ్చాలి. ఇప్ప కింద పాత చీర పరిస్తే అగ్గిపుల్లతో పనిలేదు. ఉపగ్రహం నుంచి ఫోన్‌కొచ్చే మంటల హెచ్చరికనే నమ్ముకుని కూర్చోవద్దు. దాని చిత్రంలో ఒక్కో గడి నేల మీద 375 మీటర్ల మేర ఉంటుంది, మంట సరిగ్గా ఎక్కడో తెలియదు; పైగా ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే వస్తుంది.

మోడుకు రెండు పిలకలుంచి మిగతావి తీసే పని వచ్చే చలికాలంలో. నేలకు దగ్గరగా పుట్టినవే ఉంచండి. ఇప్పుడే ఎవరూ తీయొద్దు, గాలికీ పశువులకూ కొన్ని ఎలాగూ పోతాయి.